అట్టముక్కతో అక్షాంశం

జీపీఎస్ లేదు, సిగ్నల్ లేదు. చేతిలో ఉన్నవి బడిపిల్లల కోణమాని, మూరెడు దారం, ఓ ఇనుప నట్టు. వీటితో భూమ్మీద మనమెక్కడున్నామో తేల్చుకోవచ్చా? భేషుగ్గా. ఎంత తేడాతో తేలిందో కూడా చెప్పుకోవచ్చు.

2022 సెప్టెంబరు 4న ఫ్రాన్స్‌లోని లే సాబ్ల్ దొలోన్ రేవులో గోల్డెన్ గ్లోబ్ పందెం మొదలైంది. పడవకు ఒక్కరే మనిషి. ఎక్కడా ఒడ్డుకు చేరకుండా భూమిని చుట్టి రావాలి. ఉపగ్రహాల సాయంతో దారి చూసుకోవడం నిషిద్ధం. సెక్స్‌టంట్, కాగితం పటాలు, గడియారాలే దిక్కు. అంతకుముందు 2018 పందెంలో హిందూ మహాసముద్రపు తుపానులో వెన్ను విరిగి, ఫ్రెంచి ఓడ కాపాడితే ప్రాణాలతో బయటపడ్డ మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ ఈసారి మళ్లీ బయల్దేరారు. 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో ఒడ్డు చేరారు.

ఆయన చేతిలోని సెక్స్‌టంట్ చేసే పనల్లా ఒక్కటే. సూర్యుడో చుక్కో దిగంతానికి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉందో కొలవడం. ఆ పని కర్రముక్క కూడా చేస్తుంది. తేడా అంతా ఎంత సన్నగా కొలుస్తుందన్న దగ్గరే. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. మంచి సెక్స్‌టంట్ ఈ మైలు లెక్కల్లో మాట్లాడుతుంది. ఇంట్లో చేసిన పరికరం డిగ్రీ తప్పితే జిల్లా చెబుతుంది, ఊరు చెప్పలేదు. ఈ సాధనలోని సరదా అంతా ఆ తేడాను పట్టుకుని తగ్గించుకుంటూ పోవడంలో ఉంది.

పళ్ల మధ్య ముడి

హిందూ మహాసముద్రంలో తిరిగిన అరబ్బు, భారతీయ నావికుల దగ్గర ‘కమాల్’ అనే పరికరం ఉండేది. చిన్న చెక్కముక్క, దాని మధ్యలోంచి ముడులు వేసిన తాడు. ముడిని పళ్ల మధ్య పట్టుకుని తాడు బిగుతుగా లాగాలి. చెక్క కింది అంచు సముద్రపు గీతకు, పై అంచు ధ్రువనక్షత్రానికి ఆనితే ఆ ముడి చెప్పే రేవుకు సరిసమానంగా ఉన్నట్టు. ఇక పడవను తూర్పుకో పడమరకో నడిపితే చాలు. ధ్రువనక్షత్రం ఎత్తు ఎన్ని డిగ్రీలో, మన ఉత్తర అక్షాంశం కూడా దాదాపు అంతే కావడమే ఇందులోని కిటుకు.

మీరే చేసి చూడండి. 10 సెంటీమీటర్ల ఎత్తున్న అట్టముక్క తీసుకోండి. కంటికీ అట్టకూ మధ్య దూరం 32 సెంటీమీటర్లయితే అది విశాఖ ముడి. 33.6 దగ్గర కాకినాడ. 43.5 దగ్గర చెన్నై. 28.6 దగ్గర పూరీ. ఒక్క తాడు మీద తూర్పు తీరం వరసగా కూర్చుంటుంది.

అయితే విశాఖ బీచ్‌లో నిలబడితే మాత్రం కమాల్ పనిచేయదు. మనకు సముద్రం తూర్పున, ఆగ్నేయాన ఉంటే ధ్రువనక్షత్రం ఉత్తరాన నేల మీద ఉంటుంది. దాని కింద కనిపించేవి కొండలు, మేడలు. పడవెక్కి లోపలికి వెళ్తే సముద్రపు గీత దొరుకుతుంది కానీ చీకటి ముదిరాక ఆ గీతా కనిపించదు. నావికులు చుక్కల్ని సంధ్య వేళ, గీతా చుక్కా రెండూ కనబడే ఆ కాసేపట్లోనే కొలిచేది అందుకే.

దారం చెప్పే కోణం

నేల మీద ఉన్నవాళ్లకు దిగంతంతో పనిలేని ఉపాయం ఉంది. కోణమాని తిన్నటి అంచుకు ఓ స్ట్రా అంటించండి. మధ్యబిందువు నుంచి దారం కట్టి చివర నట్టు వేలాడదీయండి. స్ట్రాలోంచి చుక్కను చూస్తుండగా పక్కనున్నవారు దారం ఆగిన అంకె చదవాలి. 90కీ ఆ అంకెకూ ఉన్న తేడాయే చుక్క ఎత్తు.

కాకపోతే బడి కోణమాని మీద డిగ్రీల గీతలు మిల్లీమీటరు కూడా ఎడం ఉండవు. గాలికి దారం ఊగిందంటే రెండు మూడు గీతలు ఇట్టే మారతాయి. అందుకే కాస్త పని తెలిసినవాళ్లు ప్లైవుడ్ మీద 57.3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో పెద్ద చాపం గీస్తారు. ఆ కొలతే ఎందుకంటే, అప్పుడు ఒక్కో డిగ్రీ సరిగ్గా సెంటీమీటరు పొడవుంటుంది. మామూలు స్కేలుతో గీతలు పెట్టుకోవచ్చు. మిల్లీమీటరు పట్టుకోగలిగితే డిగ్రీలో పదో వంతు చేతికి చిక్కినట్టే. నట్టును నీళ్ల గ్లాసులో ముంచి ఉంచితే దారం ఊగడమూ తగ్గుతుంది. ఒక్క కొలతను నమ్మకుండా వరసగా పది తీసి సగటు కట్టడం ఇంకో మంచి అలవాటు.

ధ్రువనక్షత్రం కూడా అసలు ధ్రువం నుంచి 0.6 డిగ్రీలకు పైనే పక్కకు ఉండి, దాని చుట్టూ చిన్న వలయం తిరుగుతుంది. చలికాలంలో చీకటి పడగానే ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కొలిచి సగటు తీస్తే ఆ తప్పు చాలావరకు ఎగిరిపోతుంది.

నడినెత్తిన సూర్యుడు

పగటిపూట పని సూర్యుడిది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి దక్షిణంగా ఉన్నప్పుడు ఆ ఎత్తును 90 నుంచి తీసేసి, ఆ రోజు సూర్యుడి క్రాంతిని, అంటే భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీల ఉత్తరాన ఉన్నాడో ఆ అంకెను, కలపాలి. సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణాన ఉండే నెలల్లో ఆ క్రాంతి రుణసంఖ్య కాబట్టి తీసేయాలి. డిసెంబరు 22న హైదరాబాద్‌లో ఎత్తు 49.2 వచ్చిందనుకోండి. 90 లోంచి తీస్తే 40.8. అందులోంచి ఆ రోజు క్రాంతి 23.4 తీస్తే 17.4. అదే హైదరాబాద్ అక్షాంశం. క్రాంతి విలువలు కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ఏటా వెలువరించే ఖగోళ పట్టికల్లో దొరుకుతాయి.

సూర్యుణ్ని స్ట్రాలోంచి చూడకూడదు, కళ్లు పోతాయి. స్ట్రా నీడ అరచేతిలో గుండ్రటి వెలుగుచుక్కగా పడేదాకా తిప్పితే సరిపోతుంది. మే రెండో వారం, ఆగస్టు మొదటి వారం మాత్రం మన దగ్గర ఈ కొలతకు అనువు కాదు. సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వచ్చి నిలువు కర్రకు నీడే లేకుండా చేస్తాడు.

అద్దాల పరికరం చేసుకోవాలన్న ఉబలాటం ఉన్నవాళ్లకు పాత సీడీ, దాని పెట్టె, రెండు అద్దం ముక్కలు చాలు. అద్దం ఒక డిగ్రీ తిరిగితే వెలుగు రెండు డిగ్రీలు తిరుగుతుంది. 1730 ప్రాంతంలో ఇంగ్లండులో జాన్ హాడ్లీ, అమెరికాలో థామస్ గాడ్‌ఫ్రే ఎవరికి వారు ఈ సూత్రంతోనే కోణాలు కొలిచే ‘ఆక్టెంట్’ పరికరం చేశారు. సూర్యుణ్ని చూసే దారిలో 14వ నంబరు వెల్డింగ్ గ్లాసు తప్పనిసరి. సముద్రం లేని ఊళ్లో దిగంతానికి బదులు పళ్లెంలో వాడేసిన ఇంజన్ ఆయిల్ పోసుకోవచ్చు. అందులోని ప్రతిబింబానికీ పైనున్న సూర్యుడికీ మధ్య కోణం కొలిచి సగం చేస్తే ఎత్తు వచ్చేస్తుంది.

20 వేల పౌండ్ల అర డిగ్రీ

ఇంతవరకు చెప్పిందంతా అక్షాంశమే. అది పేదవాడికీ అందే విద్య. ఒడిశాలోని ఖండపడాకు చెందిన పఠానీ సామంత చంద్రశేఖర్ వెదురు, కర్ర ముక్కలతో తానే పరికరాలు చేసుకుని, దూరదర్శిని లేకుండా ఏళ్ల తరబడి గ్రహాలను పరిశీలించారు. ఇంగ్లిషు ‘టీ’ అక్షరంలా రెండు కర్రల్ని కలిపిన ‘మానయంత్రం’ ఆయనదే. ఆ పరిశీలనల ఫలితమైన ‘సిద్ధాంత దర్పణం’ గ్రంథం 1899లో కోల్‌కతాలో అచ్చయింది.

రేఖాంశం అలా లొంగలేదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి రేఖాంశం కావాలంటే కచ్చితమైన కాలం కావాలి. 1714లో బ్రిటిష్ పార్లమెంటు, సముద్రం మీద రేఖాంశాన్ని అర డిగ్రీలోపు చెప్పే విధానానికి 20 వేల పౌండ్లు ప్రకటించింది. వడ్రంగి కొడుకు జాన్ హారిసన్ చేసిన నాలుగో గడియారం 1761లో జమైకా ప్రయాణంలో 81 రోజులకు సుమారు 5 సెకన్లే వెనకబడింది. కాలం అప్పట్లో అంత ఖరీదు. 1840లో విశాఖలో గోడే వెంకట జగ్గారావు సొంత వేధశాల పెట్టగలిగారంటే సంపన్న కుటుంబం కాబట్టే.

ఇప్పుడు ఆ ఖరీదైనదే అన్నిటికన్నా చవక. మామూలు క్వార్ట్జ్ చేతిగడియారం రోజుకు అర సెకను అటూఇటూ తప్పుతుంది, అంతే. దానితో రేఖాంశం ఇలా తీయొచ్చు. నిలువు కర్ర చుట్టూ వలయం గీయండి. పొద్దున నీడ కొస వలయాన్ని తాకి లోపలికి వెళ్లిన క్షణం, మధ్యాహ్నం తిరిగి తాకిన క్షణం రాసుకోండి. సూర్యసిద్ధాంతం దిక్కులు తేల్చడానికి చెప్పిన శంకువు పద్ధతి ఇదే. సెప్టెంబరు 23న హైదరాబాద్‌లో అవి 11-05, 1-12 అనుకుందాం. మధ్యకాలం 12-08½. ఆ రోజు సూర్యుడు గడియారం కంటే ఏడున్నర నిమిషాలు ముందుంటాడు. అవి కలిపితే 12-16. మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీలది, కాకినాడకు దగ్గరగా పోయే రేఖ. 16 నిమిషాలు వెనకంటే 4 డిగ్రీలు పడమర. 78.5. హైదరాబాద్ దొరికింది. రెండు నిమిషాలు తప్పినా ఆ పార్లమెంటు అడిగిన అర డిగ్రీ దాటరు.

ఇప్పుడెందుకిది?

2017 జూన్‌లో నల్లసముద్రంలో దాదాపు 20 ఓడలకు జీపీఎస్ తప్పుడు చిరునామా చూపింది. తాము నీళ్లలో ఉంటే తెర మీద విమానాశ్రయంలో ఉన్నట్టు కనిపించింది. అమెరికా నౌకాదళ అకాడమీ పక్కన పెట్టేసిన నక్షత్ర నావికా పాఠాన్ని 2015లోనే మళ్లీ తెచ్చుకుంది. ఫోన్‌లోని నీలిచుక్క తప్పు చెప్పినా అదే ధీమాతో చెబుతుంది. కర్ర అలా కాదు, తనను ఎంతవరకు నమ్మాలో కొలిచినవాడికి తెలుస్తుంది.

మీరు హైదరాబాద్‌లో ఉండి, విశాఖలో చుట్టమో స్నేహితుడో ఉంటే ఈ ఆదివారమే మొదలుపెట్టండి. ఒకే రోజు ఇద్దరూ నీడ పద్ధతిలో మిట్టమధ్యాహ్నం తీయండి. హైదరాబాద్ కంటే విశాఖలో సుమారు 19 నిమిషాలు ముందు వస్తుంది. మన అక్షాంశం దగ్గర నిమిషానికి 26.5 కిలోమీటర్ల చొప్పున లెక్క కట్టండి. రెండు ఊళ్ల మధ్య 500 కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా రావాలి. ఎంత తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.