సర్పి లేస్తే మట్టి పూస్తూ కూర్చోకండి

నడుముకు ఒకపక్క నాలుగు రోజులుగా మంట. చొక్కా తగిలినా ఓర్చుకోలేని నొప్పి. వాతమనుకుని కాపడం పెట్టారు. ఐదోరోజున ఎర్రబడిన చర్మం మీద నీటిపొక్కులు గుత్తులుగా లేచాయి. "సర్పి! తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పు" అన్నారు ఇరుగుపొరుగు. ఎర్రమట్టి పూయించారు, మంత్రం వేయించారు. పదిరోజులయ్యాక ఆసుపత్రికి వచ్చారు. ఏభై దాటినవారిలో మా డాక్టర్లకు తరచు ఎదురయ్యే కథ ఇది.

సర్పికీ పాముకూ ఏ సంబంధమూ లేదు. చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా? ఆ వైరసే ఇది. ఆటలమ్మ తగ్గినా వైరస్ ఒళ్లు విడిచిపోదు. వెన్నెముక పక్కనున్న నరాల ముడుల్లో చేరి దశాబ్దాల తరబడి నిద్రపోతుంది. అదే మళ్లీ లేచి సర్పి అవుతుందని ఇంగ్లండు డాక్టరు హోప్ సింప్సన్ 1965లో వివరించారు.

నిద్రలో ఉన్నంతకాలం అది దాదాపు ఒట్టి డి.ఎన్.ఎ. పోగు. దానికి కాపలా మన టి కణాలు. వయసు మళ్లినకొద్దీ ఈ కాపలా సడలుతుంది. చక్కెర వ్యాధి, స్టీరాయిడ్లు, కాన్సరు చికిత్స వల్ల కూడా సడలుతుంది. అప్పుడు వైరస్ తన డి.ఎన్.ఎ.కు నకళ్లు తీయడం మొదలుపెడుతుంది. నరాల కణాలు విభజన చెందవు. కనుక నకళ్లు తీసే పనిముట్టును వైరస్ తానే తయారుచేసుకుంటుంది. కొత్త వైరస్‌లు నరం వెంబడి చర్మానికి చేరి పొక్కులవుతాయి. ఆ నరం ఒక పక్కకే పోతుంది గనుక సర్పి సాధారణంగా ఒంటి నడిమధ్య గీత దాటదు. తలా తోకా కలుస్తాయన్న భయం వద్దు.

ఎసైక్లోవిర్ మందు సరిగ్గా ఆ నకళ్లనే ఆపుతుంది. వైరస్ ఉన్న కణంలోనే ఎక్కువగా చురుకెక్కుతుంది కనుక మంచి కణాలకు హాని తక్కువ. దీని వెనుక కృషి చేసిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. అయితే ఇప్పటికే దెబ్బతిన్న నరాన్ని ఈ మందు బాగుచేయలేదు. పొక్కులు ఎండినా నెలల తరబడి మంట మిగిలేది అందుకే.

మీరు చేయవలసినవి:

1. పొక్కులు లేచిన 72 గంటల లోపల మందు మొదలుపెట్టండి. గడువు దాటినా డాక్టరుకు చూపించండి. మూత్రపిండాల జబ్బుంటే ముందే చెప్పండి, మోతాదు తగ్గించాలి.

2. నుదుటి మీదా, కంటి చుట్టూ, ముక్కుకొన మీదా పొక్కులు వస్తే ఆ రోజే కంటి డాక్టరు వద్దకు వెళ్లండి. చూపుకే ప్రమాదం.

3. పొక్కులు చిదపకండి. శుభ్రంగా కడిగి, వదులైన నూలు బట్ట కప్పండి. అవి ఎండేదాకా పసిపిల్లలకూ, ఆటలమ్మ పోయని గర్భిణులకూ దూరంగా ఉండండి. వారికి ఆటలమ్మ అంటుకోవచ్చు.

4. ఏభై దాటినవారికి రెండు మోతాదుల టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. ఖరీదైనదే. మీకు అవసరమా అని డాక్టరును అడగండి.

మట్టి పూసినా పూయకపోయినా పొక్కులు ఎండుతాయి. ఈలోగా పోయేది మందు పనిచేసే ఆ మూడు రోజులు.