డేటాబేస్‌లో మెమరీ లోపాలు, వెయిట్ ఈవెంట్లు: నిర్ధారణ పద్ధతి

భూసార పరీక్షలు, వాతావరణ నమోదులు, క్షేత్ర ప్రయోగ ఫలితాలు నేడు డేటాబేస్‌లలోనే నిల్వ ఉంటున్నాయి. ఖరీఫ్‌కు ముందు ఎరువుల సిఫారసుల కోసం అభ్యర్థనలు వెల్లువెత్తినప్పుడు డేటాబేస్ మొరాయిస్తే ఆ జాప్యం నేరుగా రైతుపై పడుతుంది. అటువంటి వేళ సర్వర్‌ను పునఃప్రారంభించడం పరిపాటి. దానితో లోపం తాత్కాలికంగా తొలగినా, మెమరీలోని ఆధారాలు కూడా చెరిగిపోతాయి. ఒరాకిల్ డేటాబేస్‌ను ఉదాహరణగా తీసుకొని సరైన క్రమాన్ని పరిశీలించవచ్చు.

రెండు లోపాలు

ఓఆర్ఏ-04031 లోపం ప్రధానంగా షేర్డ్ పూల్‌కు సంబంధించినది. మొత్తం ఖాళీ తగినంత ఉన్నా, అది చిన్న కమతాలుగా చీలిపోయి ఉంటే కావలసినంత ఏకఖండం దొరకదు. ఓఆర్ఏ-04030 ఇందుకు భిన్నమైనది. సార్టింగ్ వంటి పనులకు ప్రాసెస్ తన సొంత మెమరీని పొందలేనప్పుడు వస్తుంది. ఈ రెండో లోపానికి షేర్డ్ పూల్‌ను పెంచితే ప్రాసెస్‌లకు మిగిలే మెమరీ తగ్గి, సమస్య తీవ్రం కావచ్చు.

మూలకారణం

సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి. వాటిని తెచ్చే క్వెరీలో నమూనా సంఖ్యను నేరుగా రాస్తే, 50,000 నమూనాలకు 50,000 వేర్వేరు వాక్యాలు ఏర్పడతాయి. ప్రతిదానికీ హార్డ్ పార్స్ జరిగి షేర్డ్ పూల్ ముక్కలవుతుంది. సంఖ్యకు బదులు బైండ్ వేరియబుల్ వాడితే ఒకే వాక్యం అందరికీ సరిపోతుంది.

వెయిట్ ఈవెంట్ల సూచన

స్పందన కాలమంటే సీపీయూ సమయం, నిరీక్షణ సమయాల మొత్తం. ‘లాచ్: షేర్డ్ పూల్’ నిరీక్షణ పెరిగితే పార్సింగ్ ఒత్తిడిని అనుమానించాలి. ‘డీబీ ఫైల్ సీక్వెన్షియల్ రీడ్’ సాధారణంగా ఇండెక్స్ ద్వారా ఒక్కొక్క బ్లాకు చదవడాన్ని, ‘డీబీ ఫైల్ స్కాటర్డ్ రీడ్’ ఎక్కువగా పట్టిక మొత్తాన్ని చదవడాన్ని తెలుపుతాయి. ‘లాగ్ ఫైల్ సింక్’ కమిట్‌కు సంబంధించినది. ‘ఎస్‌క్యూఎల్ నెట్ మెసేజ్ ఫ్రమ్ క్లయింట్’ సాధారణంగా ఖాళీ సమయమే కనుక దానిని లెక్కలోకి తీసుకోరాదు.

పాటించవలసిన క్రమం

1. అలర్ట్ లాగ్ నుండి లోపం సంఖ్యను, సమయాన్ని నమోదు చేయాలి.
2. అదే వ్యవధికి ఏడబ్ల్యూఆర్ నివేదికను, దానికి లైసెన్సు లేనిచోట ముందే అమర్చుకున్న స్టాట్స్‌ప్యాక్ నివేదికను పరిశీలించాలి.
3. హార్డ్ పార్స్ రేటును, షేర్డ్ పూల్‌లోని ఖాళీని సరిచూడాలి.
4. ఒకసారి ఒక్క మార్పే చేసి, అదే పనిభారంలో తిరిగి కొలవాలి.

ప్రోగ్రామ్‌ను వెంటనే మార్చలేనప్పుడు ‘కర్సర్ షేరింగ్’ను ‘ఫోర్స్’గా ఉంచడం తాత్కాలిక ఉపశమనం మాత్రమే. లోప సందేశం మెమరీ ఎక్కడ చాలలేదో చెబుతుంది. దానిని హరించినదెవరో చెప్పదు. కావున పార్సింగ్ లోపాన్ని సరిదిద్దిన తరువాతనే అదనపు మెమరీ అవసరాన్ని నిర్ణయించడం సముచితం.