ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: డిస్కు స్థలాన్ని ముందుగా లెక్కించడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- డిస్కును ఎన్ని విభాగాలు చేయాలో, ఒక్కోదానికి ఎంత స్థలం ఇవ్వాలో లెక్కించగలుగుతారు.
- ఉమ్మడి విభాగం అవసరాన్ని వివరించగలుగుతారు.
- ఫైళ్లు పోకుండా పని క్రమాన్ని పాటించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 వంటి అర్హతలు లేని పాత కంప్యూటర్లు విండోస్ 11కు పనికిరావు. అలాంటి వాటిలో లినక్స్ పెట్టుకుని, ఇంటర్నెట్ పనులు అందులో చేసుకోవచ్చు. అయితే విండోస్‌ను పూర్తిగా వదులుకోవడం అందరికీ కుదరదు. కరీంనగర్‌లో డీటీపీ పని చేసే వ్యక్తి దగ్గర అను ఫాంట్లతో కూర్చిన పాత పుస్తకాలు ఉంటాయి. వాటిని తెరవడానికి విండోస్ కావాలి. కాబట్టి రెండూ ఒకే డిస్కులో సర్దుకోవాలి.

2. విభాగం అంటే ఏమిటి?

అన్నదమ్ములు చెలక పంచుకుని మధ్యన గెట్టు పెట్టుకున్నట్లే డిస్కును విభాగాలుగా పంచుతాం. ఒక విభాగంలోని ఖాళీ స్థలం పక్క విభాగానికి దానంతట అది అందదు. గెట్టును తరవాత జరపాలంటే లోపలి ఫైళ్లను కూడా జరపాల్సి వస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఫైళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందువల్ల లెక్క ముందే తేల్చుకోవాలి.

3. లెక్క

500 జీబీ డిస్కును విండోస్ సుమారు 465 జీబీగా చూపుతుంది. తయారీదారు జీబీకి 100 కోట్ల బైట్లు లెక్కిస్తే, విండోస్ 1,07,37,41,824 బైట్లు లెక్కించడమే దీనికి కారణం. మీ లెక్కను 465 నుంచే మొదలుపెట్టండి.

64 బిట్ విండోస్ 10కు కనీసం 32 జీబీ, విండోస్ 11కు 64 జీబీ కావాలి. ఉబుంటుకు 25 జీబీ సరిపోతుంది. ఇవి కనీస అంకెలు మాత్రమే. అప్‌డేట్లకు, ప్రోగ్రాములకు అదనంగా చోటు ఉంచాలి. ర్యామ్ 8 జీబీ ఉన్న కంప్యూటర్‌కు ఒక మాదిరి పంపకం ఇది:

- బూట్, రికవరీ విభాగాలు: 1 జీబీ
- విండోస్: 150 జీబీ
- లినక్స్: 50 జీబీ
- స్వాప్: 8 జీబీ
- ఉమ్మడి విభాగం: 256 జీబీ
- మొత్తం: 465 జీబీ

కంప్యూటర్‌ను హైబర్నేట్ చేయాలనుకుంటే స్వాప్ ర్యామ్‌కు తగ్గకూడదు.

4. ఉమ్మడి విభాగం

లినక్స్ సాధారణంగా వాడే ఈఎక్స్‌టీ4 విభాగాన్ని విండోస్ స్వయంగా చదవలేదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ విభాగాన్ని మాత్రం లినక్స్ చదవగలదు, రాయగలదు. కాబట్టి ఉమ్మడి విభాగాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఏర్పరచి అసైన్‌మెంట్లు, ఫొటోలు అందులో ఉంచండి. రేపు ఏ సిస్టమ్ పాడై మళ్లీ ఎక్కించాల్సి వచ్చినా, ఈ విభాగాన్ని ముట్టుకోనవసరం లేదు.

కొత్తగా రాసేవాటిని యూనికోడ్‌లో రాయండి. రెండు సిస్టమ్‌లలోనూ తెరుచుకుంటాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామం పేరుతో పిలిచే గోండి లిపికి కూడా 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అయితే ఆ లిపి ఫాంటును రెండు సిస్టమ్‌లలోనూ విడివిడిగా ఎక్కించుకోవాలి.

5. పని క్రమం

1) ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేయండి. ఉమ్మడి విభాగం దీనికి బదులు కాదు; డిస్కు చెడిపోతే అన్ని విభాగాలూ పోతాయి.
2) బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి.
3) విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా మూతపడదు. అప్పుడు ఉమ్మడి విభాగంలో లినక్స్ నుంచి రాయడం ప్రమాదం.
4) పాత ఎంబీఆర్ పద్ధతి డిస్కులో ప్రైమరీ విభాగాలు నాలుగే ఉండగలవు. ఇప్పటికే నాలుగు ఉన్నాయేమో చూసుకోండి.
5) విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తో సి డ్రైవును కుదించి, ఖాళీ స్థలంలో ఉమ్మడి విభాగం ఏర్పరచండి.
6) మిగిలిన ఖాళీలో లినక్స్ ఎక్కించండి. డిస్కు మొత్తం చెరిపే ఎంపికను నొక్కవద్దు.

6. సారాంశం

సిస్టమ్‌లు పోతే మళ్లీ ఎక్కించుకోవచ్చు. మీరు రాసుకున్నవి మళ్లీ దొరకవు. స్థలం పంచేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 256 జీబీ డిస్కును విండోస్ సుమారు ఎంతగా చూపుతుంది?
2. ఆ డిస్కు, 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌కు విభాగాల పట్టిక తయారు చేయండి.