జొన్నకూడు, పెల్లాగ్రా: పోషణ జీవరసాయనములో ఒక చిక్కుముడి

ఒక గింజలో ఏ పోషక పదార్థము ఎంత ఉన్నదో పట్టిక చూసి చెప్పవచ్చును. ఆ గింజను వండుకొని తిన్న మనిషికి అందులో ఎంత దక్కుతుందో పట్టిక చెప్పలేదు. ఈ రెండూ ఒకే ప్రశ్న అనుకొని శాస్త్రజ్ఞులు కూడ చాలాకాలము పని నడిపినారు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలని చూపిన పరిశోధనలలో ఒకటి మన హైదరాబాదులోనే జరిగినది. దానికి కారణము దక్కను పీఠభూమిలో జొన్న తిని బ్రతికే పేదలకు వచ్చిన ఒక జబ్బు. దాని పేరు పెల్లాగ్రా.

పెల్లాగ్రా అన్నది ఇటాలియను మాట. గరుకు చర్మము అని దాని అర్థము. ఎండ తగిలే చోట్ల, అంటే ముంజేతుల మీద, పాదముల మీద, మెడ చుట్టు, చర్మము కమిలి నల్లబడి పొరలుగా లేస్తుంది. మెడ చుట్టు పట్టెడవలె ఏర్పడే మచ్చను వైద్యులు 'కాసాల్ హారము' అంటారు. 1735లో స్పెయిను దేశమున ఈ జబ్బును గుర్తించి వర్ణించిన గాస్పార్ కాసాల్ అనే వైద్యుని పేరు దానికి నిలిచినది. చర్మము తరువాత నాలుక ఎర్రబడి పూస్తుంది, విరేచనములు పట్టుకుంటాయి. ముదిరితే నిద్ర ఉండదు, మనసు క్రుంగిపోతుంది, మతి చలిస్తుంది. చికిత్స అందకపోతే ప్రాణమునకే ముప్పు. ఎండలో పొలము పని చేస్తేనే పూట గడిచే కూలివానికి, ఎండలోనే బయటపడే జబ్బు రావడము ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

ఐరోపాలోను, తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రములలోను ఈ జబ్బు మొక్కజొన్నను అంటిపెట్టుకొని కనబడినది. అమెరికాలో దీనిని అంటువ్యాధి అనే నమ్మినారు. 1914లో ప్రభుత్వము జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుని ఈ పనికి నియమించినది. ఆయన పిచ్చాసుపత్రులు, అనాథాశ్రమములు తిరిగి చూసి, అక్కడ ఉంచబడినవారికే జబ్బు వస్తున్నది గాని వారిని కనిపెట్టుకొని ఉండే సిబ్బందికి రావడము లేదని గమనించినారు. అంటుజబ్బు అయితే మనిషి హోదా చూసి అంటదు గదా! అనాథాశ్రమములోని పిల్లలకు పాలు, గుడ్లు, మాంసము పెట్టించగా జబ్బు పోయినది. అప్పటికీ నమ్మనివారికోసము 1916లో ఆయనా, ఆయన మిత్రులూ రోగుల రక్తమును తమ శరీరములోనికి ఎక్కించుకొన్నారు. రోగుల మలమూత్రములను ఉండలు కట్టి మింగినారు. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు. అయినా ఆహారములో లోపించిన ఆ పదార్థము ఏదో తేలకుండానే 1929లో ఆయన మరణించినారు.

అది నికోటినికామ్లమని 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కాన్రాడ్ ఎల్వెజెమ్ బృందము తేల్చినది. పెల్లాగ్రావంటి జబ్బే కుక్కలకు వస్తే దానిని 'నల్లనాలుక' అంటారు. నికోటినికామ్లము ఇవ్వగానే ఆ కుక్కలు కోలుకొన్నాయి. పొగాకులోని నికోటినుతో దీనికి చుట్టరికము కలుపుతారని కాబోలు, తరువాత దీనికి నియాసిన్ అనే పేరు వాడుకలోనికి తెచ్చినారు. చుట్ట కాలిస్తే విటమిను దక్కుతుందని ఎవరైనా అనుకొంటే ప్రమాదమే మరి. మనము తిన్న పిండిపదార్థములు, కొవ్వులు కణములలో దహనమై శక్తిగా మారడానికి ఎన్.ఎ.డి. అనే సహఎంజైము కావలెను. ఆ సహఎంజైము తయారుకావడానికి నియాసిన్ కావలెను. అందుచేతనే లోపము వచ్చినప్పుడు త్వరత్వరగా కొత్తకణములు పుట్టే చర్మము, ప్రేగులు, శక్తిని ఎక్కువగా ఖర్చుపెట్టే మెదడు ముందుగా దెబ్బతింటాయి.

ఇక్కడ ఒక సందేహము వచ్చినది. పాలలో, గుడ్లలో నియాసిన్ చాల తక్కువ. అయినా అవి పెల్లాగ్రాను రానీయవు. ఎందువలన? దీనికి జవాబు 1945లో దొరికినది. మాంసకృత్తులలో ఉండే ట్రిప్టోఫాన్ అనే ఆమినో ఆమ్లమునుంచి మన శరీరము తానే నియాసిన్‌ను తయారుచేసుకొంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఖర్చయితే 1 మిల్లీగ్రాము నియాసిన్ వస్తుంది. పాలలో ట్రిప్టోఫాన్ సమృద్ధిగా ఉన్నది. మొక్కజొన్నలో అది తక్కువ. ఉన్న నియాసిన్ కూడ ఇతర పదార్థములతో బంధింపబడి ప్రేగులలో విడివడదు. మెక్సికో దేశమువారు అనాదిగా మొక్కజొన్నను సున్నపునీటిలో ఉడికించి రొట్టెలు చేసుకొంటారు. సున్నము ఆ బంధమును విప్పుతుంది. ఐరోపావారు గింజను ఓడలో తెచ్చుకొన్నారు గాని సున్నపు కుండను తెచ్చుకోలేదు. మొక్కజొన్న కథ ఇంతటితో తేటపడినది.

జొన్న కథ తేటపడలేదు. విద్యార్థులు ఇక్కడ కాగితము, పెన్సిలు తీసుకోవడము మంచిది. ఒక కూలివాడు రోజుకు 400 గ్రాముల జొన్న తింటాడనుకొందాము. తెలంగాణలో గట్కగానో రొట్టెగానో, రాయలసీమలో సంగటిగానో, ఎట్లయినా సరే. అందులో మాంసకృత్తులు సుమారు 40 గ్రాములు. వాటిలో నూటికి ఒక వంతు ట్రిప్టోఫాన్, అంటే 400 మిల్లీగ్రాములు. దానిని 60 పెట్టి భాగిస్తే రమారమి 6.7 మిల్లీగ్రాముల నియాసిన్. జొన్నలో నేరుగా ఉన్న నియాసిన్ 100 గ్రాములకు 2 మిల్లీగ్రాముల చొప్పున మరి 8 మిల్లీగ్రాములు. రెండూ కలిపితే 15కు కొంచెము తక్కువ. పెద్దవారికి రోజుకు కావలసినది 14 నుంచి 16 మిల్లీగ్రాములు. కాయకష్టము చేసేవారికి మరి కొంత ఎక్కువ. ఇదే లెక్క పాలిష్ పట్టిన బియ్యమునకు వేయండి. 13, 14 కన్న ఎక్కువ రాదు. పట్టికే ప్రమాణమైతే జొన్న తినేవానికన్న బియ్యము తినేవానికే పెల్లాగ్రా ముందు రావలెను. కాని హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చే రోగులు జొన్న తినేవారు!

ఈ ప్రశ్న ఎదురైన సంస్థను గురించి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. 1918లో నీలగిరులలోని కూనూరులో, ఒక గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధన మొదలుపెట్టినారు. అదే పెరిగి పోషణ పరిశోధనాలయము అయినది. 1958లో దానిని హైదరాబాదుకు, ఉస్మానియా విశ్వవిద్యాలయము పక్కకు, తరలించినారు. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. కూనూరు చల్లని కొండ మీద పెల్లాగ్రా రోగి కనబడడము అరుదు. హైదరాబాదులో రోగులు ఆసుపత్రి మెట్ల మీదనే ఉన్నారు. పరిశోధనాలయము ఎక్కడ ఉన్నదన్నదానిని బట్టి అందులో పుట్టే ప్రశ్న కూడ మారుతుందనడానికి ఇంతకన్న వేరే ఉదాహరణ వెతకనక్కరలేదు.

సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతయ్య జొన్నలో ఏమి తక్కువైనదని గాక, ఏమి ఎక్కువైనదని అడిగినారు. లోపములను వెతకడమే అలవాటైన ఆ రోజులలో ఇది సాహసమైన ప్రశ్న. జవాబుగా వారికి కనబడినది లూసీన్ అనే ఆమినో ఆమ్లము. జొన్న మాంసకృత్తులలో 100 గ్రాములకు ఇది 12, 13 గ్రాముల వరకు ఉంటుంది. బియ్యపు మాంసకృత్తులలో సుమారు 8 గ్రాములు. పై లెక్కలోని కూలివానికి జొన్న వలన రోజుకు సుమారు 5 గ్రాముల లూసీన్ చేరుతుంది. బియ్యము తింటే అందులో సగము. లూసీన్ విషము కాదు. అది లేకపోతే శరీరము పెరగనే పెరగదు. అట్టి మంచి పదార్థమే మోతాదు మించినప్పుడు ట్రిప్టోఫాన్, నియాసిన్‌ల నడకను మారుస్తున్నదని, లూసీన్ తినిపించి మూత్రపరీక్షలు చేసి వారు చూపినారు. 1960లో ఈ సంగతి 'లాన్సెట్' అనే ఆంగ్ల వైద్యపత్రికలో వెలువడినది.

ఆ మార్పు ఎట్లా జరుగుతుంది? ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారి కాలేయములో చాల మెట్ల మీదుగా పోతుంది. నడుమ ఒకచోట ఆ దారి రెండుగా చీలుతుంది. ఒక పాయ సహఎంజైము వైపు పోతుంది. రెండవ పాయ పూర్తి దహనము వైపు పోయి వృథా అవుతుంది. మన ఊరి కాలువకు తూము పెట్టినట్లు ఆ చీలిక దగ్గర ఎంజైములు కాపలా ఉంటాయి. 1973లో హైదరాబాదులోనే గఫూరున్నీసా, బి. ఎస్. నరసింగరావు ఎలుకలలో చేసిన ప్రయోగములలో, లూసీన్ ఎక్కువైతే సహఎంజైము వైపు నడిపే ఎంజైము మందగించినట్లును, వృథా పాయను నడిపే ఎంజైము చురుకుపడినట్లును కనబడినది. అంతకు ముందే, లూసీన్ ఎక్కువగా ఉన్న జొన్న తిన్న కుక్కలకు నల్లనాలుక వచ్చినదనీ, లూసీన్ తక్కువ ఉన్న జొన్నరకము తిన్నవాటికి రాలేదనీ గోపాలన్, భవాని బేలవాడి మొదలైనవారు 1969లో ప్రకటించినారు. లూసీన్‌కు దగ్గరి బంధువైన ఐసోలూసీన్‌ను ఇస్తే రోగులకు మేలు కలిగినదని 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ తెలిపినారు. బి6 విటమినుకు కూడ ఇందులో పాత్ర ఉన్నది. ట్రిప్టోఫాన్ దారిలో ఒక ఎంజైము ఆ విటమిను లేనిదే పనిచేయదు.

ఇంతటితో కథ ముగిసినదని చెబితే అది శాస్త్రము కాదు. అమెరికాలో కెన్నెత్ కార్పెంటర్ బృందము 1987 వరకు ఎలుకలతో, కోడిపిల్లలతో, కుక్కలతో ప్రయోగములు చేసి, లూసీన్ ఎక్కువ పెట్టినంత మాత్రాన నియాసిన్ కొరత ఏర్పడడము తమకు కనబడలేదన్నది. వండిన జొన్నలోని నియాసిన్ కూడ పూర్తిగా శరీరమునకు అందదని ఎలుకల మీద చేసిన కొలతలు చూపించినాయి. అదే నిజమైతే మన కాగితపు లెక్కలోని 8 మిల్లీగ్రాములు నిలువవు. లండనులో డేవిడ్ బెండర్ ప్రయోగములు మధ్యస్థముగా తేలినాయి: ఆహారములో ట్రిప్టోఫాన్, నియాసిన్ చాలీచాలకుండ ఉన్నప్పుడే లూసీన్ దెబ్బ బయటపడుతుంది. నాకు ఈ మాట సబబుగా తోస్తున్నది. గ్లాసెడు పాలు, గరిటెడు పప్పు ఉన్న ఇంట్లో జొన్న తిన్నా పెల్లాగ్రా రాదు. మూడు పూటలూ జొన్న, మిరపకాయ మాత్రమే ఉన్న ఇంట్లో సన్నని దారము మీద నడిచినట్లు ఉంటుంది. అక్కడ చిన్న తోపు చాలును. కొందరు విమర్శకులు హైదరాబాదు సిద్ధాంతమును పూర్తిగా కొట్టివేసినారు. అది తొందరపాటు. అదే విధముగా లూసీన్ ఒక్కటే కారణమని పాఠ్యపుస్తకములలో వ్రాయడము కూడ తగదు.

జబ్బు మాత్రము ఈ వాదము తేలేవరకు ఆగలేదు. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చినది. జొన్న తినే ఇండ్లలోనికి బియ్యము చేరినది. కూలి రేట్లు, తిండి రకములు కూడ క్రమముగా మారినాయి. ఒకప్పుడు హైదరాబాదు ఆసుపత్రులలో మామూలుగా కనబడిన పెల్లాగ్రా అరుదైపోయినది. నేడు అది ఎక్కువగా మద్యపానమునకు బానిసలైనవారిలోను, కొన్ని క్షయ మందులు వాడేవారిలోను కనబడుతున్నది.

ఇప్పుడు ఈ పాత సంగతి ఎందుకన్నవారికి ఒక సమాధానము ఉన్నది. చిరుధాన్యములకు మరల మంచిరోజులు వచ్చినాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. పట్నములో జొన్నరొట్టె ధర ఇడ్లీ ధరను మించినది. మా ఎస్. రాయవరము వైపు జొన్నకన్న చోళ్ళు, గంటెలే ఎరుక. తెలంగాణవారు రాగులు, సజ్జలు అనేవి ఇవే. చోడిపిండి పొట్లము మీద కాల్షియము ఎంత ఉన్నదో పెద్ద అక్షరములతో వేస్తున్నారు. 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములన్నది అబద్ధము కాదు. అయితే చోడిలోనే ఫైటేటు అనే పదార్థము ఉన్నది. అది కాల్షియమును, ఇనుమును పట్టుకొని ప్రేగులు పీల్చుకోకుండ అడ్డుపడుతుంది. గింజను మొలకెత్తించినప్పుడు, పిండిని నానబెట్టి పులియబెట్టినప్పుడు ఎంజైములు ఆ ఫైటేటును కొంతవరకు విరగగొడతాయి. పిండిని రాత్రి పులియబెట్టి పొద్దున అంబలి కాచుకొనే ఇంటి ఇల్లాలు ఈ పని చేస్తూనే ఉన్నది. నేటి పోషణ జీవరసాయనము చాలవరకు ఈ దిశలోనే సాగుతున్నది. ఆహారములో కలిపిన ఇనుము రక్తములో ఎంత చేరినదో చూడడానికి, ప్రమాదము లేని ఇనుప ఐసోటోపులను భోజనములో కలిపి, తరువాత రక్తపు బొట్టులో వాటిని లెక్కపెడుతున్నారు. పట్టికలోని అంకెకు, ఒంటబట్టిన అంకెకు తేడాను ఇప్పుడు ఈ విధముగా తూచగలుగుతున్నారు.

ఉన్నత పాఠశాలలో దీనిని ఒక అభ్యాసముగా చేయించవచ్చును. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన భారతీయ ఆహార పట్టికలలో 528 ఆహార పదార్థముల వివరములు ఉన్నవి. నియాసిన్, ట్రిప్టోఫాన్, లూసీన్ మూడూ దొరుకుతాయి. ప్రతి విద్యార్థి తాను నిన్న తిన్నదానిని వ్రాసుకొని, పైన జొన్నకు వేసిన లెక్క వేయవలెను. అంకెల గడి పక్కన మరొక గడి గీసి, ఆ పదార్థమును నానబెట్టినారా, పులియబెట్టినారా, దానితో పప్పో పాలో తిన్నారా అన్నది ఇంట్లో అమ్మనో అమ్మమ్మనో అడిగి నింపవలెను. ఈ రెండవ గడిలోని మాటలు విద్యార్థులు తెచ్చేటంతవరకు ఉపాధ్యాయులకు కూడ తెలియవు.