గ్యాస్ మాత్రలూ క్యాన్సర్ భయమూ: అపోహలు – వాస్తవాలు

అపోహ: గ్యాస్ మాత్రలు వాడితే అన్నవాహిక, జీర్ణాశయం కలిసేచోట క్యాన్సర్ వస్తుంది.

వాస్తవం: రానిటిడిన్ మాత్రల్లో క్యాన్సర్ కారకం కావచ్చునని భావించే ఎన్‌డీఎంఏ అనే రసాయనం ఉన్నట్లు 2019లో బయటపడడం, 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందును మార్కెట్ నుంచి తొలగించమని కోరడం, 2022లో భారత అత్యవసర ఔషధాల జాబితాలోనూ దానికి చోటు లేకపోవడం ఈ భయానికి ఊతమిచ్చాయి. అయితే ఆ రసాయనం రానిటిడిన్ అణువు విచ్ఛిన్నమవడం వల్ల ఏర్పడేదే తప్ప ఆమ్లం తగ్గడం వల్ల పుట్టేది కాదు. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ పూర్తిగా వేరే తరగతి మందులు. ఈ తేడా తెలియక, ఆమ్లం పైకి తన్నే జబ్బుతో దీర్ఘకాలంగా ఈ మందులు వాడుతున్నవారు ఒక్కసారిగా మానేస్తే, కొన్ని వారాలపాటు ఆమ్లం మునుపటికన్నా ఎక్కువగా ఊరి మంట మళ్లీ రాజుకోవచ్చు.

ప్రమాదాన్ని పెంచేది మాత్ర కాదు, ఆ మాత్ర అవసరమయ్యేలా చేసిన జబ్బు. ఏళ్ల తరబడి ఆమ్లం తగిలిన అన్నవాహిక లోపొర కొందరిలో పేగు పొరను పోలిన పొరగా మారుతుంది. బారెట్స్ ఈసోఫేగస్ అనే ఈ మార్పు నుంచే కొద్దిమందిలో గ్రంథికణాల క్యాన్సర్ మొదలవుతుంది. వారానికి ఒక్కసారైనా గుండెల్లో మంట, పులితేన్పులు వచ్చేవారిలో అన్నవాహిక గ్రంథికణాల క్యాన్సర్ ముప్పు 7.7 రెట్లు, జీర్ణాశయ ముఖద్వారపు క్యాన్సర్ ముప్పు 2 రెట్లు ఉన్నట్లు 1999లో స్వీడన్ పరిశోధకులు చూపారు. గ్యాస్ మాత్రలు ఎక్కువగా వాడేదీ వీరే కనుక, వీరికి వచ్చే క్యాన్సర్‌ను మందుకు అంటగట్టడం తర్కానికి నిలవదు. 2,557 మంది బారెట్స్ రోగులపై జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, ఒమెప్రజోల్ తరగతికే చెందిన ఎసోమెప్రజోల్ ఎక్కువ మోతాదులో వాడినవారే, మరణం, క్యాన్సర్, దాని ముందుదశలను కలిపి చూసినప్పుడు, తక్కువ మోతాదు వాడినవారికన్నా మెరుగ్గా ఉన్నారు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోక తప్పదు: చీటీ లేకుండా మందుల షాపులో కొని ఏళ్ల తరబడి మింగితే మెగ్నీషియం, బి12 తగ్గవచ్చు, మంట అణగి, చేయించుకోవలసిన పరీక్ష వాయిదా పడవచ్చు.

కారం తినడమే ఈ క్యాన్సర్‌కు కారణమన్నది, బయాప్సీ చేస్తే అది పాకుతుందన్నది నిరాధారాలు. మద్యం ముట్టనివారికి ఇది రాదన్నదీ తప్పే; పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, పొగాకు దీనికి ప్రధాన కారణాలు.

కనుక మాత్రలు మానాలన్నా, కొనసాగించాలన్నా వైద్యునితోనే నిర్ణయించుకోవాలి. ఐదేళ్లకు మించి మంట ఉన్న పురుషులు, ముఖ్యంగా యాభై దాటి, ఊబకాయమో పొగ అలవాటో ఉన్నవారు, ఎండోస్కోపీ గురించి అడగాలి. ముద్ద దిగకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలం తారులా నల్లగా వచ్చినా ఏ వయసువారైనా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి.