పన్ను అమర్చుకునే ముందు – అడగవలసినవి, దాచకూడనివి

అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహాలలో పళ్ళు ఒకటి. ఉన్నంతకాలం మనం వాటిని గుర్తించము. ఖుర్ఆన్ పారాయణం నేర్పేవారికి మాత్రం వాటి విలువ ప్రతిరోజూ తెలుస్తుంది. ‘సే’, ‘జాల్’, ‘జోయ్’ అక్షరాలు పలకాలంటే నాలుక కొన పైపళ్ళ అంచును తాకాలి. ‘ఫే’ పలకాలంటే పైపళ్ళ అంచు క్రింది పెదవిని తాకాలి. ముందుపళ్ళు ఊడితే ఈ అక్షరాలు సరిగా పలకవు.

మాకు ఆప్తులైన ఒక హాఫిజ్ సాహెబ్‌కు ఈ కష్టమే వచ్చింది. ఆయనకు అరవై ఏళ్ళు దాటాయి. పైవరుసలో రెండు ముందుపళ్ళు పోయాయి. కట్టుడు పళ్ళు పెట్టుకున్నారు గాని, పారాయణంలో అవి కదిలిపోయేవి. రమజాన్ నాటికి తరావీహ్ చదివించాలన్న ఆరాటంతో ఇంప్లాంట్ వేయించుకోదలచారు. “ఇది ధర్మసమ్మతమేనా?” అని మమ్మల్ని అడిగారు. ధర్మసమ్మతమేనని చెప్పి, మా బాధ్యత తీరిందనుకున్నాము.

ఆయన తన షుగరు అదుపులో లేదన్న సంగతి వైద్యునికి చెప్పలేదు. చెబితే చికిత్స వాయిదా వేస్తారని భయపడ్డారు. వైద్యుడూ పరీక్ష చేయించలేదు. కొన్ని వారాలకే చిగురు వాచి, చీము పట్టి, అమర్చిన మర వదులైపోయింది. దానిని తీసివేయవలసి వచ్చింది. ఆ రమజాన్‌లో ఆయన ఇమామ్ స్థానంలో గాక, వెనుక వరుసలో నిలిచారు. “అనుమతి ఉందన్నారు గాని, ఏమి అడగాలో చెప్పలేదే మౌలానా!” అని నవ్వుతూనే అన్నారు. అనుమతి ఉన్నదని చెప్పడం సగం సమాధానమేనని మాకు అప్పుడు తెలిసింది. మిగిలిన సగం ఇక్కడ వ్రాస్తున్నాము.

ధర్మం ఏమంటుంది?

హజ్రత్ అర్ఫజా బిన్ అస్‌అద్ (రజి) అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయారు. వెండి ముక్కు పెట్టించుకోగా అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు మహాప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమని ఆయనను ఆదేశించారు. ఈ ఉదంతం అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉన్నది. కోల్పోయిన అవయవానికి బదులు మరొకటి అమర్చుకోవడానికి ధర్మవేత్తలు దీనిని ఆధారంగా చూపుతారు.

అందం కోసం పళ్ళను అరగదీసి సందులు చేయించుకోవడాన్ని మాత్రం హదీసు నిషేధించింది. అది సృష్టిని మార్చడం. ఊడిన పన్నును తిరిగి పొందడం లోపాన్ని సరిదిద్దుకోవడం. ఈ రెండింటినీ కలిపి చూడరాదు.

ఇంప్లాంట్ అంటే...

ఇంప్లాంట్ కృత్రిమమైన పంటివేరు. దవడ ఎముకలో టైటానియం మరను అమర్చుతారు. దానిపై ఒక చిన్న ఆధారాన్ని, ఆ పైన పన్ను ఆకారంలో క్యాప్‌ను బిగిస్తారు. స్వీడన్ దేశస్థుడైన బ్రోనెమార్క్ 1952 ప్రాంతంలో కుందేళ్ళ ఎముకలపై పరిశోధన చేస్తూ, టైటానియం ఎముకతో ఏకమైపోవడాన్ని గమనించారు. 1965లో తొలిసారి ఒక రోగికి ఈ పద్ధతిలో పళ్ళు అమర్చారు.

మర ఎముకతో ఏకమవడానికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. కొందరికి వెంటనే తాత్కాలిక పన్ను బిగించే వీలున్నా, లోపల ఎముక అతుక్కోవడానికి పట్టే కాలం తగ్గదు. కనుక పెళ్ళి తేదీనో, ప్రయాణ తేదీనో, రమజాన్‌నో గడువుగా పెట్టుకుని వైద్యుణ్ణి తొందరపెట్టరాదు.

వైద్యునితో దాచకూడనివి

షుగరు అదుపులో లేకపోతే గాయం త్వరగా మానదు, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఫలితాన్ని వెంట తీసుకెళ్ళండి. బీడీ, సిగరెట్టు అలవాటు ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశాన్ని పెంచుతుంది. జర్దా, గుట్కాల సంగతీ దాచవద్దు. ఎముకల బలహీనతకు వాడే మాత్రలు, ఇంజెక్షన్లు, రక్తం పలుచబడటానికి వాడే మందులు, గతంలో దవడకు ఇచ్చిన రేడియేషన్ చికిత్స – వీటన్నిటినీ తప్పక చెప్పాలి. గుండె వైద్యుని సలహా లేకుండా రక్తం పలుచబరచే మందును సొంతంగా ఆపరాదు. సరుకులోని లోపాన్ని దాచి అమ్మడం మోసమని మనం పిల్లలకు నేర్పుతాము. మన శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాని లోపాన్ని వైద్యునితో దాస్తే నష్టపోయేది మనమే.

అడిగి తెలుసుకోవలసినవి

ఇంప్లాంట్ తప్ప వేరే మార్గం లేదా అని మొదట అడగండి. బ్రిడ్జి ఉన్నది గాని, దానికోసం సాధారణంగా ప్రక్క పళ్ళను అరగదీయవలసి ఉంటుంది. తీసి పెట్టుకునే పళ్ళు తక్కువ ఖర్చుతో అయిపోతాయి. స్తోమతు లేనివారు వడ్డీ వాయిదాలపై ఇంప్లాంట్ వేయించుకోవలసిన అగత్యం లేదు.

ఎముక తగినంత ఉన్నదా, స్కాన్ అవసరమా అని అడగండి. ఎముక చాలకపోతే ఎముకపొడి నింపుతారు, దానిపై పలుచని పొర కప్పుతారు. ఈ పొడి, పొరలు మనుషుల నుండి, పశువుల నుండి, పంది నుండి తీసినవి కావచ్చు. కృత్రిమంగా తయారైనవీ ఉన్నాయి. ఇవి దేనితో చేసినవో చికిత్స రోజున గాక ముందుగానే అడిగి, కృత్రిమమైనవి కోరండి. అవి తమకు పనికిరావని వైద్యుడంటే, వివరాలు వ్రాయించుకుని విశ్వసనీయుడైన ముఫ్తీని సంప్రదించండి.

స్కాన్, మర, ఎముకపొడి, క్యాప్ – మొత్తం ఖర్చు కాగితంపై వ్రాసి ఇవ్వమనండి. విఫలమైతే తిరిగి చేసే ఖర్చు ఎవరిదో కూడా వ్రాయించండి. మర కంపెనీ పేరు, సైజు, నంబరు ఉన్న స్టిక్కరును భద్రపరచండి. పదేళ్ళ తర్వాత మరో ఊరి వైద్యుడు మరమ్మతు చేయాలన్నా అదే ఆధారం.

గుస్ల్, వుజూ, రోజా

స్థిరంగా అమర్చిన పన్నును గుస్ల్ కోసం తీయనక్కరలేదు. తీసి పెట్టుకునే పళ్ళనైతే, హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఫర్జ్ గుస్ల్‌లో తీసి పుక్కిలించాలి. చికిత్స తర్వాత ఉమ్మిలో రక్తం ఎక్కువై ఎర్రగా ఉంటే వుజూ తిరిగి చేసుకోవాలి. రోజాలో నీరో, రక్తమో గొంతులోకి దిగే ప్రమాదం ఉన్నది గనుక చికిత్సను రమజాన్ తర్వాతకు మార్చుకోవడం మేలు. పై దవడలో సైనస్ వద్ద ఎముక నింపినవారిని కొన్నాళ్ళు వంగవద్దంటారు. అలాంటివారు కూర్చుని సైగలతో నమాజు చేయవచ్చు.

ఇంప్లాంట్ పుచ్చిపోదు గాని, దాని చుట్టూ చిగుళ్ళకు జబ్బు వస్తే ఎముక కరిగి మర ఊడిపోతుంది. మిస్వాక్ సున్నతును పాటిస్తూనే, పళ్ళ సందులను వైద్యుడు చూపిన చిన్న బ్రష్‌తో శుభ్రపరచాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చూపించుకోవాలి.

మా హాఫిజ్ సాహెబ్ ఇప్పుడు షుగరును అదుపులోకి తెచ్చుకున్నారు. ఈసారి పరీక్ష కాగితాలన్నీ వైద్యుని ముందుంచారు. ఎముక మానడానికి మరికొన్ని నెలలు ఆగాలని, రాబోయే రమజాన్‌కు కూడా పన్ను సిద్ధం కాదని వైద్యుడు చెప్పారు. ఆయన అంగీకరించారు. అల్లాహ్ ఆయనకు, రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.