ఆడకుక్కకు ఆపరేషన్: పాపమా? పుణ్యమా?

మన ఇళ్ళలో ఆడకుక్కను పెంచేవారు తక్కువ. పెంచినా దానికి ఆపరేషన్ అనగానే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. “ఒక్క ఈతైనా ఈననివ్వరా? మూగజీవి ఉసురు తగలదూ!” అని మా అత్తగారే అన్నారు. తరాలుగా చెన్నైలో ఉంటున్నా ఈ నమ్మకం మనల్ని వదల్లేదు. నేను కామర్సు చదివి బ్యాంకులో పని చేసేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అయితే జమా, ఖర్చూ రెండూ చూడనిదే సంతకం పెట్టే అలవాటు లేదు కనుక అడిగి, చదివి తెలుసుకున్నవి మీ ముందుంచుతున్నాను.

ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. కడుపు నిలిచినా నిలవకపోయినా ఆ తర్వాత రెండు నెలలపాటు గర్భాశయం పిల్లల కోసం సిద్ధపడే ఉంటుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగితే లోపలి పొర మందమవుతుంది. అందులో సూక్ష్మక్రిములు చేరితే చీము పడుతుంది. దీన్నే పయోమెట్రా అంటారు. స్వీడన్‌లో బీమా చేసిన కుక్కల లెక్కల ప్రకారం, ఆపరేషన్ కానివాటిలో పదేళ్ళు వచ్చేలోగా నాలుగైదింటిలో ఒకదానికి ఈ జబ్బు వచ్చింది. మా పక్కింటివారి ఏడేళ్ళ కుక్క ఇలాగే అన్నం మానేసి, కుండెడు నీళ్ళు తాగేది. వయసు మీద పడిందనుకున్నారు. అర్ధరాత్రి ఆపరేషన్ చేయించినా దక్కలేదు.

రెండోది రొమ్ము గడ్డలు. వీటిలో దాదాపు సగం క్యాన్సరే. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేయిస్తే ఈ ముప్పు చాలా తగ్గుతుందని 1969లో అమెరికాలో ఒక పరిశోధన తేల్చింది. ఆ ఆధారాలు అంత గట్టివి కావని 2012లో మరికొందరు పరిశీలకులు అన్నారు. ఒక ఈత ఈనితే ఆరోగ్యమన్న మాటకు మాత్రం వైద్యంలో ఆధారం లేదు.

ఇక ఖర్చు పద్దు. మత్తుమందుతో కొద్దిపాటి ప్రమాదం ఉంటుంది. తర్వాత తిండి తగ్గించకపోతే ఒళ్ళు వస్తుంది. కొన్నిటికి, ముఖ్యంగా పెద్ద జాతులకు, తెలియకుండానే మూత్రం కారుతుంది. పెద్ద జాతులకు మరీ చిన్నతనంలో చేస్తే కీళ్ళ బాధలు రావచ్చు. అందుకే వాటికి ఏడాది దాటాక చేయడం మేలంటారు. ఎప్పుడన్నది మీ పశువైద్యుణ్ణే అడగండి.

వీధికుక్కల సంగతి వేరు. మన చెన్నైలోనే బ్లూ క్రాస్ సంస్థ 1964లో వాటికి ఆపరేషన్లు మొదలుపెట్టింది. 1996లో కార్పొరేషన్ కూడా ఆ దారి పట్టింది. కేంద్రం 2001లో నియమాలు చేసి, 2023లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది.

చివరగా ఒక మనవి. ఆపరేషన్ చేయించని కుక్క ఇంట్లో ఉంటే, అది ఎదకు వచ్చిన తేదీని క్యాలెండరులో రాసుకోండి. ఆ తర్వాత రెండు మూడు నెలల్లో అది నీళ్ళు ఎక్కువగా తాగినా, తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా, చీము బయటికి కనిపించకపోయినా సరే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తెల్లవారాక చూద్దామనుకోకండి.